ఫ్యాబ్రిక్ 1.4 నుంచి 2.5 దాకా: మామిడి గుజ్జు ప్రాజెక్టుతో ఆరు సీజన్లు

ముందే చెప్పేస్తాను. మీ దగ్గర హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ (కొన్ని సంస్థలు కలిసి ఒకే లెడ్జర్‌ను, అంటే ఉమ్మడి లెక్కల పుస్తకాన్ని, నడుపుకునే బ్లాక్‌చైన్ సాఫ్ట్‌వేర్) 1.4 మీద నడిచే అప్లికేషన్ ఇంకా ఉంటే దాన్ని 2.5కి మార్చండి, ఆలస్యం చేసే కొద్దీ పని పెరుగుతుందే తప్ప తగ్గదు. కానీ మీ వ్యాపారం జోరుగా సాగే నెలల్లో మాత్రం ముట్టుకోవద్దు, ఒక్క రాత్రిలో అయిపోతుందని ఎవరికీ మాట ఇవ్వొద్దు. మేము 1.4 మీద రెండు మామిడి సీజన్లు, 2.2 మీద రెండు, 2.5 మీద రెండు నడిపాం. వెర్షన్ వచ్చిన వారానికే రాసే సమీక్షలు చాలా చదివాను, వాటిలో నాకు కావలసినవి దొరకలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది తిరుపతి. ఎయిర్ బైపాస్ రోడ్డు దగ్గర మేడ మీద చిన్న ఆఫీసు, నలుగురం పనిచేస్తాం. 2019 చివర్లో చిత్తూరు చుట్టుపక్కల ఉన్న మూడు గుజ్జు ఫ్యాక్టరీలకూ వాళ్ల సరుకు కొని బయటి దేశాలకు పంపే ఒక ఎగుమతిదారుకూ కలిపి ఈ ప్రాజెక్టు మొదలుపెట్టాం. ఈ ప్రాంతం తెలియనివాళ్ల కోసం ఒక మాట: చిత్తూరు వైపు తోటల్లో ఎక్కువగా ఉండేది తోతాపురి, అది ప్రధానంగా గుజ్జుకు పోయే కాయ. జూన్, జూలై నెలల్లో ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, రైతులు టోకెన్ పట్టుకుని రాత్రంతా బండి మీదే పడుకుంటారు. లోడు లోపలికి వచ్చాక కాటా బరువు, మాగబెట్టిన గది, గుజ్జు తీసిన బ్యాచ్, బ్రిక్స్ (గుజ్జు తీపి కొలత) ఎంత వచ్చింది, ఏ డ్రమ్ములోకి పోయింది, ఇవన్నీ రాసుకోవాలి. డ్రమ్ముకు 215 కిలోలు, ఇరవై అడుగుల కంటైనర్‌కు 80 డ్రమ్ములు. ఒకే కంటైనర్‌లో మూడు ఫ్యాక్టరీల డ్రమ్ములూ కలిసి చెన్నై పోర్టుకు పోయేవి. అవతలి దేశంలో ఒక డ్రమ్ము మీద ఫిర్యాదు వస్తే, అది ఎవరిది, ఏ రోజు కాయ, ఏ గదిలో మాగింది అని ఇక్కడ నలుగురూ నాలుగు రిజిస్టర్లు తెరిచేవాళ్లు, నాలుగింటిలో నాలుగు లెక్కలు ఉండేవి. ఒకరి సర్వర్ మీద ఇంకొకరికి నమ్మకం లేదు. బ్లాక్‌చైన్ అవసరం లేని చోట దాన్ని తగిలించడం నాకు నచ్చదు, కానీ పోటీదారులు ఒకే పుస్తకంలో రాయాల్సిన ఇలాంటి చోట ఉమ్మడి లెడ్జర్ నిజంగా పనికొస్తుంది.

2019 జనవరిలో వచ్చిన 1.4, ఫ్యాబ్రిక్‌లో దీర్ఘకాల మద్దతు ఇస్తామని చెప్పిన మొదటి వెర్షన్. మేము దాంతోనే మొదలుపెట్టాం. దాన్ని తిట్టను, రెండు సీజన్లు ఒక్క లోడు ఎంట్రీ కూడా పోకుండా నడిచింది. కష్టమంతా దాని చుట్టూ ఉన్న సరంజామాతోనే. లావాదేవీలను వరసలో పెట్టే ఆర్డరింగ్ పనికి అప్పట్లో కాఫ్కా అనే విడి సాఫ్ట్‌వేర్ వాడాం, అంటే నాలుగు కాఫ్కా బ్రోకర్లు, వాటిని సమన్వయం చేసే మూడు జూకీపర్లు, వాటి మీద మళ్లీ ఆర్డరర్లు (ఫ్యాబ్రిక్‌లో ఆ వరస పెట్టే సర్వర్లు). నలుగురున్న ఆఫీసులో ఒక మనిషికి అవి బతికే ఉన్నాయో లేదో చూసుకోవడంతోనే సరిపోయేది. 1.4.1లో రాఫ్ట్ వచ్చింది, అందులో ఆర్డరర్లే తమలో తాము ఒక నాయకుణ్ణి ఎన్నుకుంటాయి, బయటి కాఫ్కా అక్కర్లేదు. ఐదు ఆర్డరర్లు పెట్టుకుంటే రెండు పడిపోయినా పని ఆగదు.

అందుకే మొదట చేసిన పని వెర్షన్ మార్చడం కాదు, 1.4 మీద ఉండగానే కాఫ్కా నుంచి రాఫ్ట్‌కు మారడం. ఛానళ్లన్నింటినీ (ఒక్కో ఛానల్ అంటే కొందరు సభ్యుల మధ్య నడిచే ఒక లెడ్జర్) మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టాలి, బ్యాకప్ తీసుకోవాలి, కాన్ఫిగ్‌లో ఆర్డరింగ్ రకాన్ని మార్చి ఆర్డరర్లను రీస్టార్ట్ చెయ్యాలి, నాయకుడు తేలాక మామూలు మోడ్‌లోకి తేవాలి. చెప్పిన వరస తప్పకుండా చేస్తే ఇది ఇబ్బంది లేకుండా అయిపోతుంది. మాకు ఒక ఆదివారం పట్టింది. రెండు పెద్ద మార్పులు ఒకేసారి పెట్టుకోకుండా దీన్ని విడిగా చెయ్యడం మేము తీసుకున్న నిర్ణయాల్లో మంచిది.

అసలు పని 2021 అక్టోబరులో మొదలైంది, 1.4 నుంచి 2.2కి. ఆ ఏడాదే 1.4 నిర్వహణ కూడా ముగిసింది కాబట్టి ఇక తప్పదు. కాయ లేదు, ఫ్యాక్టరీల్లో మెషిన్ల ఓవర్‌హాలింగ్ నడుస్తోంది, కాటా దగ్గర మనిషి లేడు. ఇంతకన్నా మంచి సమయం దొరకదు.

ముందు ఆర్డరర్లు, తర్వాత పీర్లు (ప్రతి సంస్థ దగ్గరా లెడ్జర్ కాపీ పెట్టుకునే సర్వర్లు), అవన్నీ కొత్త బైనరీల మీదికి వచ్చాకే కేపబిలిటీలు (కొత్త వెర్షన్ సదుపాయాలను ఛానల్‌లో తెరిచే సెట్టింగులు). ఈ వరస మార్చకూడదు. పీర్ల దగ్గరే మాకు మొదటి దెబ్బ తగిలింది. 2.0 నుంచి పీర్ లోపలి డేటాబేస్‌ల ఫార్మాట్ మారింది. కొత్త ఇమేజ్ (డాకర్ కంటైనర్‌గా నడిపే ప్యాకేజీ) పెట్టి పీర్‌ను లేపితే, డేటా ఫార్మాట్ ఖాళీగా ఉంది, కావలసింది 2.0 అని ఒక లైను రాసి పడిపోతుంది. దానికి 'పీర్ నోడ్ అప్‌గ్రేడ్ డీబీస్' అనే కమాండ్ ఉంది. అది పాత స్టేట్ డేటాబేస్‌నూ (ప్రస్తుత విలువలు ఉండేది) ఇండెక్స్‌లనూ తీసేస్తుంది, పీర్ మళ్లీ లేచినప్పుడు బ్లాకులన్నీ మొదటి నుంచి చదివి వాటిని కొత్తగా కట్టుకుంటుంది. బ్లాకులు మాత్రం అలాగే ఉంటాయి, వాటి జోలికి పోదు. స్టేట్ డేటాబేస్‌గా కౌచ్‌డీబీ వాడేవాళ్లు ఆ డేటాను కూడా ఖాళీ చెయ్యాలి.

చదివేటప్పుడు ఇది చిన్న పనిలాగే ఉంటుంది. మా లెడ్జర్‌లో అప్పటికి రెండు లక్షల పైచిలుకు బ్లాకులు. తిరుపతిలో మా ఆఫీసులో ఎస్‌ఎస్‌డీ ఉన్న మెషిన్ మీద గంటన్నరలో అయిపోయింది, ఆ లెక్కన ఫ్యాక్టరీలో కూడా సాయంత్రం మొదలుపెడితే భోజనం వేళకు అయిపోతుందనుకున్నాం. బంగారుపాళ్యం వైపు ఉన్న ఫ్యాక్టరీలో సర్వర్ పాతది, తిరిగే హార్డ్ డిస్క్. రాత్రి ఏడున్నరకు మొదలుపెట్టాం. తొమ్మిదికి లాగ్‌లో నలభై వేల బ్లాకు నంబరు కనిపించింది. ఆ గదిలో ఏసీ లేదు, ఫ్యాను ఒక్కటే, బయట సెక్యూరిటీ ఆయన రేడియోలో పాటలు వింటున్నాడు, నేను ఆ నంబరు పెరగడం చూస్తూ కూర్చున్నాను. పదకొండున్నరకు కరెంటు పోయింది. యూపీఎస్ ఉంది కాబట్టి బతికిపోయాం, కానీ అది ఎంతసేపు లాగుతుందో ఆ ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు, జనరేటర్ తాళం ఉన్న మనిషి ఊళ్లో లేడు. ఇరవై రెండు నిమిషాలకు కరెంటు వచ్చింది. ఆ ఇరవై రెండు నిమిషాల టెన్షన్ నేను మర్చిపోలేదు. తెల్లవారుజామున మూడు దాటాక పీర్ లేచి ఛానల్‌తో కలిసింది. ఆ తర్వాత మిగిలిన రెండు ఫ్యాక్టరీల్లో రోజుకు ఒకటి చొప్పున, ముందు డిస్క్ మార్చి, జనరేటర్ ఆపరేటర్‌ను పిలిపించుకుని చేశాం.

మీరు చేసేటప్పుడు పాటించాల్సింది ఒక్కటే. పీర్ ఆపేసి దాని ప్రొడక్షన్ ఫోల్డర్ మొత్తం వేరే డిస్క్ మీదికి కాపీ చేసుకోకుండా ఆ కమాండ్ కొట్టొద్దు. వెనక్కి వెళ్లాలంటే ఆ కాపీ తప్ప వేరే దారి లేదు. ఇంకో చిన్న విషయం, 2.x మొదట్లో ఇమేజ్‌లు ఆల్పైన్ అనే చిన్న లినక్స్ మీదికి మారాయి కాబట్టి పీర్ కంటైనర్ లోపల బాష్ షెల్ ఉంటుందని నమ్మి రాసుకున్న పాత స్క్రిప్టులు ఆగిపోతాయి. మావి ఆగాయి. ఎస్‌హెచ్‌కు మార్చుకుంటే చాలు.

చైన్‌కోడ్ (లెడ్జర్‌లో ఏం ఎలా రాయాలో చెప్పే మన ప్రోగ్రామ్) మార్పులు నేను భయపడినంత లేవు. మాది గో భాషలో రాసింది. 1.4లో చైన్‌కోడ్‌ను పీర్‌తో కలిపే షిమ్ లైబ్రరీ ఫ్యాబ్రిక్ ప్రధాన రిపాజిటరీలోనే ఉండేది, చైన్‌కోడ్ బిల్డ్ చేసే ఇమేజ్‌లో కూడా ఉండేది, కాబట్టి మనం ఏమీ పట్టించుకోనక్కర్లేదు. 2.0 నుంచి దాన్ని వేరే రిపాజిటరీకి తరలించారు, ఇమేజ్‌లో నుంచి తీసేశారు. ఇంపోర్ట్ లైన్లు మార్చి, గో మాడ్యూల్ పెట్టి, వెండర్ ఫోల్డర్‌ను (కావలసిన లైబ్రరీల కాపీలు ఉండేది) ప్యాకేజీతో కలిపి పంపితే సరిపోయింది. వెండర్ ఫోల్డర్ లేకపోయినా నెట్ ఉంటే అది దించుకుంటుంది, కానీ ఫ్యాక్టరీ నెట్‌ను నమ్ముకుని ఆ పని పెట్టుకోవద్దు. లాజిక్‌లో ఒక్క లైను మార్చలేదు. చైన్‌కోడ్ పేరు అదే ఉంచాం కాబట్టి పాత డేటా మొత్తం అలాగే కనిపించింది.

ఇక కొత్త లైఫ్‌సైకిల్, అంటే చైన్‌కోడ్‌ను పెట్టే, మార్చే పద్ధతి. ఈ అప్‌గ్రేడ్‌లో నేను అన్నింటికన్నా ఎక్కువగా మాట్లాడాలనుకున్నది దీని గురించే, మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

1.4లో చైన్‌కోడ్ మార్చాలంటే పీర్ల మీద ఇన్‌స్టాల్ చేసి, ఛానల్‌లో ఒక్క సంస్థ అడ్మిన్ అప్‌గ్రేడ్ కమాండ్ కొడితే అందరికీ మారిపోయేది. ఎండార్స్‌మెంట్ పాలసీ (లావాదేవీకి ఎవరెవరి సంతకం కావాలో చెప్పే నియమం) మనం ప్రత్యేకంగా రాయకపోతే, సభ్యుల్లో ఏ ఒక్కరు సంతకం పెట్టినా లావాదేవీ చెల్లేది. మేము మొదట్లో దాన్ని మార్చలేదు. పైగా అన్ని ఫ్యాక్టరీల అడ్మిన్ కీలూ మా దగ్గరే ఉండేవి, వాళ్లకు ఆ పని తెలియదని మేమే పెట్టుకున్నాం. 2020 సీజన్‌లో ఖాళీ క్రేట్ల బరువు తీసేసే లెక్కలో ఒక చిన్న దిద్దుబాటు చేశాం, అది సరైన దిద్దుబాటే, ఎగుమతిదారు అడిగాడు, మేము రాత్రి మార్చేశాం. మర్నాడు ఒక ఫ్యాక్టరీ యజమాని ఫోన్ చేశాడు. గట్టిగా అరవలేదు. "నాయనా, అందరి పుస్తకం అని చెప్పి తెచ్చినారు గదా, మరి మమ్మల్ని అడక్కుండా మీరెట్లా దిద్దినారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన అడిగింది న్యాయం. నాలుగు సంస్థల ఉమ్మడి లెడ్జర్ అని చెప్పి, తాళాలన్నీ ఒకడే పెట్టుకుంటే అది మామూలు సర్వర్ కన్నా ఏ రకంగా మెరుగు?

2.x లైఫ్‌సైకిల్‌లో ఈ పని నాలుగు అడుగులు. చైన్‌కోడ్‌ను ప్యాకేజీ చెయ్యాలి, ఎవరి పీర్ మీద వాళ్లు ఇన్‌స్టాల్ చేసుకోవాలి, ప్రతి సంస్థా తన తరఫున ఆ డెఫినిషన్‌ను అప్రూవ్ చెయ్యాలి, సరిపడా అప్రూవల్స్ వచ్చాక ఎవరో ఒకరు కమిట్ చెయ్యాలి. డెఫినిషన్‌లో పేరు, వెర్షన్, ఎండార్స్‌మెంట్ పాలసీ, సీక్వెన్స్ నంబరు ఉంటాయి, మార్పు చేసిన ప్రతిసారీ సీక్వెన్స్ ఒకటి పెరుగుతుంది. మామూలుగా మెజారిటీ కావాలి, అంటే మా నాలుగు సంస్థల్లో మూడు. ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు ఒప్పుకోలేదో ఒక కమాండ్‌తో ఒప్పుకున్న సంస్థ ఎదురుగా ట్రూ అనీ, ఒప్పుకోని సంస్థ ఎదురుగా ఫాల్స్ అనీ చూపిస్తుంది. ఆ నాలుగు లైన్ల అవుట్‌పుట్‌ను మొదటిసారి ప్రింట్ తీసి ఆ యజమానికి చూపించాను.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. అడ్మిన్ కీలు అన్నీ మీ దగ్గరే ఉంచుకుని 2.xకి మారితే, పాత ఒక్క కమాండ్ బదులు స్క్రిప్టులో నాలుగు కమాండ్లు పెరుగుతాయి, అంతే. అప్‌గ్రేడ్ విలువ కీలు ఎవరివి వాళ్లకు ఇచ్చేసినప్పుడే బయటికి వస్తుంది. మేము 2021 డిసెంబరులో ఇచ్చేశాం. దీనికి కోడ్ కన్నా ఎక్కువ సమయం పట్టింది. ప్రతి ఫ్యాక్టరీలో ఒకరిని ఎంచుకుని, తిరుపతి నుంచి పూతలపట్టు మీదుగా వారానికి రెండుసార్లు చిత్తూరు వెళ్లి, ఒక పేజీ కాగితం మీద తెలుగులో అడుగులు రాసిచ్చి, పక్కన కూర్చుని చేయించాం. అకౌంట్స్ చూసే అమ్మాయి ఒకామె మా అందరికన్నా బాగా నేర్చుకుంది. ఇప్పుడు ఏదైనా కొత్త ప్యాకేజీ పంపితే, "ఇందులో ఏం మార్చినారో ముందు చెప్పండి, తర్వాత అప్రూవ్ చేస్తా" అని ఫోన్ చేసేది ఆమే. అలా అడగడమే కావాలి మాకు.

ఈ లైఫ్‌సైకిల్‌ను తెరవడానికి ముందు ఛానల్ కాన్ఫిగ్‌లో కొత్త పాలసీలు చేర్చాలి, 1.4 కాలంలో పుట్టిన ఛానల్‌లో అవి ఉండవు. కాన్ఫిగ్ బ్లాకును తెచ్చుకుని, జేసన్ అనే చదవగలిగే టెక్స్ట్ రూపంలోకి విప్పి, మార్చి, తేడా లెక్కగట్టి, సంతకాలు పెట్టించి మళ్లీ పంపాలి. ఇది చికాకు పని. జేసన్‌లో ఎక్కడో ఒక పేరు తప్పు పడితే వచ్చే ఎర్రర్ చూసి ఏం తప్పో కనుక్కోవడం చాలా కష్టం, మాకు రెండు రోజులు పోయాయి. ఇన్నేళ్లైనా ఈ భాగాన్ని సులభం చెయ్యకపోవడం నాకు ఫ్యాబ్రిక్ మీద ఉన్న పెద్ద ఫిర్యాదు.

ఇంకొకటి చెప్పాలి. ఒక ఫ్యాక్టరీ నుంచి అప్రూవల్ వచ్చింది, ట్రూ కూడా చూపించింది, కమిట్ అయింది, తీరా లావాదేవీ పంపితే వాళ్ల పీర్ మాత్రం సంతకం పెట్టదు. చైన్‌కోడ్ డెఫినిషన్ ఉంది కానీ చైన్‌కోడ్ ఇన్‌స్టాల్ కాలేదు అంటుంది. ఇన్‌స్టాల్ చేశామని వాళ్లు ప్రమాణం చేసి చెబుతున్నారు, లిస్ట్‌లో కనిపిస్తోంది కూడా. చివరికి తేలిందేమిటంటే అప్రూవ్ చేసేటప్పుడు ప్యాకేజీ ఐడీ ఇవ్వలేదు. అది ఇవ్వకపోయినా అప్రూవల్ చెల్లుతుంది, ఎందుకంటే ఒక సంస్థ నిబంధనకు ఒప్పుకుని చైన్‌కోడ్ మాత్రం నడపకుండా ఉండవచ్చు. కాబట్టి అది తప్పు కాదు, అలా రూపొందించారు. అదే సీక్వెన్స్ నంబరుతో ప్యాకేజీ ఐడీ ఇచ్చి మళ్లీ అప్రూవ్ చేస్తే సరిపోయింది. మేము రాసిచ్చిన కాగితంలో ఆ లైను లేదు, తప్పు మాదే, తర్వాత ఎర్ర సిరాతో చేర్చాం.

2.2 నుంచి 2.5కి 2023 నవంబరులో వచ్చాం. దీని గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు, ఎందుకంటే పెద్దగా ఏమీ జరగలేదు. ఇమేజ్‌లు మార్చాం, పీర్లు లేచాయి, రెండు రోజుల్లో అయిపోయింది. మొదటి దూకుడు బాగా దూకితే రెండోది ఇంత తేలిక.

2.5 వల్ల మాకు దొరికిన వాటిలో రోజూ పనికొచ్చేది చైన్‌కోడ్‌ను విడి సర్వీసుగా నడపడం. దానికి కావలసిన బిల్డర్ 2.4.1 నుంచి పీర్ ఇమేజ్‌లోనే వస్తోంది. ఇదివరకు పీర్‌కు డాకర్ సాకెట్ అప్పగించాల్సి వచ్చేది, అదే చైన్‌కోడ్ కంటైనర్‌ను కట్టి లేపేది, అది ఎప్పుడు ఎందుకు ఆగిందో అర్థమయ్యేది కాదు. ఇప్పుడు చైన్‌కోడ్ మా చేతిలో ఉన్న మామూలు సర్వీసు, లాగ్ సూటిగా చూసుకోవచ్చు. రెండోది స్నాప్‌షాట్, అంటే ఒక బ్లాకు దగ్గర లెడ్జర్ స్థితికి తీసే కాపీ. 2024లో నాలుగో ఫ్యాక్టరీ చేరింది. పాత పద్ధతిలో అయితే వాళ్ల పీర్ మొదటి బ్లాకు నుంచి అన్నీ తెచ్చుకోవాలి, బంగారుపాళ్యం రాత్రి మళ్లీ గుర్తొచ్చింది. 2.3 నుంచి ఒక పీర్‌లో స్నాప్‌షాట్ తీసి దాంతో కొత్త పీర్‌ను ఛానల్‌లో చేర్చవచ్చు. ముప్పై అయిదు నిమిషాల్లో చేరిపోయారు. స్నాప్‌షాట్ తీసిన చోటుకు ముందున్న బ్లాకులు ఆ పీర్‌లో ఉండవు, అది వాళ్లకు ముందే చెప్పాలి.

మూడోది ధర. రైతుకు ఏ రేటు ఇచ్చారన్నది పక్క ఫ్యాక్టరీకి తెలియకూడదు. 1.4లో దానికి ప్రైవేట్ డేటా కలెక్షన్లు ముందే రాసిపెట్టుకోవాలి, కొత్త సభ్యుడు వస్తే మళ్లీ ఆ ఫైలు మార్చాలి. 2.0 నుంచి ప్రతి సంస్థకూ దాని సొంత కలెక్షన్ ఏమీ రాయకుండానే ఉంటుంది. రేటు అక్కడికి పోతుంది, ఉమ్మడి లెడ్జర్ మీద దాని హ్యాష్ (వేలిముద్ర లాంటి కోడ్) మాత్రమే పడుతుంది. 2.5లో ఆ ప్రైవేట్ డేటాను చరిత్రతో సహా తుడిచేసే వీలు కూడా ఇచ్చారు. రైతుల ఫోన్ నంబర్లు ఇప్పుడు అక్కడే పెడుతున్నాం, 2023లో మన దేశంలో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఎవరైనా తమ వివరాలు తీసేయమంటే తీసేయగలగాలి కదా. మొదట్లో ఫోన్ నంబర్లు నేరుగా లెడ్జర్ మీద రాశాం, అవి ఇక ఎప్పటికీ పోవు. ఆ విషయం నన్ను ఇప్పటికీ బాధ పెడుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దయచేసి ఆ పని చెయ్యకండి.

వేగం గురించి అడుగుతారు. పెద్ద తేడా ఆశించకండి. బ్లాకు కోసం డిఫాల్ట్‌గా రెండు సెకన్లు ఆగుతుంది, కాటా దగ్గర స్లిప్పు రావడానికి అప్పుడూ ఇప్పుడూ దాదాపు అంతే సమయం. కౌచ్‌డీబీకి 2.0లో చేర్చిన క్యాష్ వల్ల రిపోర్టులు కాస్త త్వరగా వస్తున్నాయి, అంతవరకే.

చివరగా క్లయింట్ వైపు. 2.4 నుంచి పీర్‌లోనే గేట్‌వే సర్వీసు ఉంది. 2.5తో పాత ఎస్‌డీకేలు (అప్లికేషన్‌ను ఫ్యాబ్రిక్‌తో కలిపే లైబ్రరీలు) డిప్రికేట్ అయ్యాయి, అంటే ఇక వాడొద్దన్నారు, కొత్త గేట్‌వే క్లయింట్ వాడమన్నారు. పాత పద్ధతిలో మన అప్లికేషనే ఎవరెవరి సంతకాలు కావాలో తెలుసుకుని, ఒక్కో పీర్‌ను అడిగి, కూడగట్టి ఆర్డరర్‌కు పంపేది, దాంతో ఫ్యాక్టరీ కంప్యూటర్ నుంచి అందరి పీర్లకూ పోర్టులు తెరవాల్సి వచ్చేది. ఇప్పుడు తన పీర్‌తో ఒక్క కనెక్షన్ చాలు, మిగతా తిరుగుడంతా పీర్ చూసుకుంటుంది, సంతకం చేసే కీ మాత్రం క్లయింట్ దగ్గరే ఉంటుంది. మా నోడ్.జేఎస్ కోడ్ సగానికి సగం తగ్గింది. అప్‌గ్రేడ్ అంతటిలో డెవలపర్‌గా నాకు ఎక్కువ సంతోషం ఇచ్చింది ఇదే.

2025 ఫిబ్రవరిలో మార్చాం, మార్చిలో పరీక్షించాం, అన్ని స్క్రీన్లూ చూశామనుకున్నాం. మే నెలాఖరులో మొదటి లోడ్లు వచ్చిన రోజు పొద్దున కాటా దగ్గర కుర్రాడు ఫోటో పంపాడు. స్లిప్పు మీద రైతు పేరు, లోడు నంబరు రావాల్సిన చోట 123,34,105,100,34,58 అని వరసగా అంకెలు, స్లిప్పు నిండా. "ఏందన్నా ఇది, రైతు నన్ను తిడతాండాడు" అన్నాడు. ఆ అంకెలను నేను రెండు నిమిషాలు చూస్తూ ఉండిపోయాను. 123 అంటే మీసాల బ్రాకెట్, 34 అంటే కోట్ గుర్తు, 105 ఐ, 100 డి. జేసన్ సరిగ్గానే వచ్చింది, కానీ బైట్లుగా వచ్చింది. పాత ఎస్‌డీకే బఫర్ ఇచ్చేది, దాని మీద టుస్ట్రింగ్ పిలిస్తే అక్షరాలు వచ్చేవి. కొత్తది యూఇంట్8 అరే ఇస్తుంది, దాని మీద అదే టుస్ట్రింగ్ పిలిస్తే కామాలతో అంకెలు వస్తాయి. టెక్స్ట్ డీకోడర్ వాడాలి. మిగతా అన్ని చోట్లా మార్చాం, గేటు స్లిప్పు ప్రింట్ చేసే ఒక్క ఫైలు తప్పిపోయింది, ఎందుకంటే సీజన్ లేని నెలల్లో గేటు స్లిప్పు ఎవరూ తియ్యరు. పదిహేను నిమిషాల్లో సరిచేశాం. లెడ్జర్‌లో ఎంట్రీలన్నీ సరిగ్గానే ఉన్నాయి, కానీ ఆ పదిహేను నిమిషాల్లో గేటు దగ్గర పదకొండు ట్రాక్టర్లు ఆగాయి. రాత్రంతా మేలుకుని ఉన్న రైతులు వాళ్లు.

అదే సీజన్‌లో కొత్త లైఫ్‌సైకిల్ విలువ కూడా కళ్లారా చూశాం. తోతాపురి ధర బాగా పడిపోయింది, కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుంది అన్నారు. రైతువారీగా లోడు లెక్క ఒక్కసారిగా చాలా ముఖ్యమైపోయింది. చైన్‌కోడ్‌లో రెండు ఫీల్డులు చేర్చాల్సి వచ్చింది, అదీ నడి సీజన్‌లో. ఫ్రేమ్‌వర్క్‌ను సీజన్‌లో కదపను, కానీ ఇది చిన్న మార్పు, తప్పనిసరి కూడా. మధ్యాహ్నం రెండింటికి ప్యాకేజీ పంపాం, ఏం మారిందో అర పేజీ తెలుగులో రాసి పంపాం. అకౌంట్స్ అమ్మాయి ఒక ఫీల్డు పేరు తికమకగా ఉందని వెనక్కి పంపింది, మార్చాం. సాయంత్రం ఆరుకల్లా ఐదు సంస్థల్లో నాలుగు అప్రూవ్ చేశాయి, కమిట్ అయింది. అయిదోది రాత్రి అప్రూవ్ చేసింది. ఈసారి ఎవరూ, మమ్మల్ని అడగకుండా ఎలా మార్చారని ఫోన్ చెయ్యలేదు.

అసంతృప్తి లేదా అంటే ఉంది. సర్టిఫికెట్ల గడువు ఇప్పటికీ పెద్ద తలనొప్పి. సర్వర్లకు గుర్తింపు సర్టిఫికెట్లు ఇచ్చే ఫ్యాబ్రిక్ సీఏ వాటిని మామూలుగా ఏడాది గడువుతో ఇస్తుంది. 2022 డిసెంబరులో ఆపరేటింగ్ సిస్టం ప్యాచ్‌ల కోసం ఆర్డరర్లను రీస్టార్ట్ చేస్తే ఒక్కటీ ఇంకొకదాంతో మాట్లాడలేదు, టీఎల్‌ఎస్ (సర్వర్ల మధ్య సురక్షిత కనెక్షన్) సర్టిఫికెట్ల గడువు అంతకు వారం ముందే ముగిసింది, పాత కనెక్షన్లు తెగలేదు కాబట్టి అప్పటిదాకా మాకు తెలియలేదు. క్లస్టర్ టీఎల్‌ఎస్ గడియారాన్ని వెనక్కి జరిపే సెట్టింగ్ ఒకటి ఉంది, దాంతో ఎలాగో లేపి, ఒక్కో ఆర్డరర్ సర్టిఫికెట్ మార్చి, ఛానల్ కాన్ఫిగ్‌లో కూడా ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చాం. అదే జూన్‌లో జరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించలేను. గడువు దగ్గర పడితే లాగ్‌లో హెచ్చరిక రాస్తుంది, కానీ లాగ్ ఎవరు రోజూ చదువుతారు? డాక్యుమెంటేషన్‌లో అన్నీ ఉన్నాయి, కాకపోతే అప్‌గ్రేడ్ ఒక పేజీలో, కేపబిలిటీలు ఒక పేజీలో, లైఫ్‌సైకిల్ తెరవడం ఇంకో పేజీలో. మూడూ పక్కపక్కన పెట్టుకుని చదివితేనే వరస అర్థమవుతుంది, ఒకటి చదివి మొదలుపెట్టొద్దు.

2024 సెప్టెంబరులో 3.0 వచ్చింది, స్మార్ట్ బీఎఫ్‌టీతో. ఆర్డరర్లలో ఒకటి అబద్ధం చెప్పినా తట్టుకునే పద్ధతి అది, ఒక్కదాన్ని తట్టుకోవడానికి నాలుగు ఉండాలి. కాఫ్కా, సోలో (ఒకే ఆర్డరర్‌తో నడిచే పద్ధతి), సిస్టమ్ ఛానల్ (ఆర్డరర్ల నిర్వహణకు వాడే ఛానల్) అందులో తీసేశారు, కాబట్టి ఇంకా 1.4 అలవాట్లతో ఉన్నవాళ్లకు ఆ దూకుడు ఇంకా పెద్దదవుతుంది. మా ఆర్డరర్లు ఇప్పుడు ఫ్యాక్టరీకి ఒకటి చొప్పున, ఎగుమతిదారు దగ్గర ఒకటి, మొత్తం ఐదు, నిజానికి బీఎఫ్‌టీ మాకు నప్పుతుంది. టెస్ట్ నెట్‌వర్క్ ఒకటి ఆఫీసులో పెట్టి చూస్తున్నాను. మార్చాలంటే మళ్లీ అక్టోబరే. ఈలోగా ఐదు ఆర్డరర్ల సర్టిఫికెట్ల తేదీలు గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టాం, కీ ఉన్న ఐదుగురి ఫోన్లలోనూ అలారం పెట్టించాం, జనరేటర్ తాళం ఎవరి దగ్గర ఉందో కూడా దాని కిందే రాసి ఉంది.